ముందు కుక్క, తర్వాత తుపాకీ: వేటకు సరైన జోడీని ఎంచుకోవడం ఎలా?

కొత్తగా వేట మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది తుపాకీ గురించే. 12 బోర్ (గొట్టం లావును చెప్పే అంకె) తీసుకోవాలా, 20 సరిపోతుందా? డబుల్ బ్యారెలా, సెమీ ఆటోమేటిక్కా? అది కొన్నాక, ఒక సీజన్ గడిచాక, కుక్క సంగతి అప్పుడు చూద్దాంలే అనుకుంటారు. ఈ వరసను తిరగేయాలని నా గట్టి నమ్మకం. పక్షి మీకు ఎంత దూరంలో లేస్తుందన్నది కుక్కను బట్టి ఉంటుంది. ఆ దూరం తెలిస్తేనే బోర్, చోక్ (గొట్టం చివరి ఇరుకు), పెల్లెట్ (తూటాలో ఉండే చిన్న గుండు) సైజు, తుపాకీ బరువు తేలతాయి. పైగా నచ్చని తుపాకీని అమ్మేసి ఇంకోటి కొనుక్కోవచ్చు. కుక్క పదేళ్లు, పన్నెండేళ్లు మీ ఇంట్లో మనిషిలా ఉండిపోతుంది.

ఇక్కడ రాసేదంతా చట్టం అనుమతించే చోట, లైసెన్సు తీసుకుని, సీజన్‌లో వేటాడేవాళ్ల కోసమే. కొన్ని దేశాల్లో వేట పూర్తిగా నిషేధం. ఇంకొన్నిచోట్ల వేట ఉన్నా ఫలానా జంతువు మీదికి కుక్కను వదలకూడదని నిబంధన ఉంటుంది. మీరున్న చోట ఏది చెల్లుతుందో కనుక్కున్నాకే మిగతా ఆలోచన.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, దేన్ని వేటాడతారు, ఎలాంటి నేలమీద. ఖాళీ మైదానంలో కౌజుల కోసం నడవడం వేరు, చిత్తడి నేలలో మాటు వేసి బాతుల కోసం కూర్చోవడం వేరు, దట్టమైన ముళ్లపొదల్లో కుందేలును లేపడం వేరు. "అన్నీ వేటాడతాను" అనేవాళ్లు కూడా నిజాయితీగా లెక్క చూసుకుంటే, ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకే రకం వేటకు వెళ్తుంటారు. ఆ ఎక్కువ రోజుల కోసమే ఎంచుకోండి. ఎప్పుడో ఒకసారి వెళ్లే వేటకు స్నేహితుడి కుక్క వెంట వెళ్లొచ్చు.

రెండోది, సీజన్ లేని రోజుల్లో కుక్క బతుకు ఎలా ఉంటుంది. ఇది చాలామంది ఆలోచించరు. పని జాతి కుక్కకు రోజూ పరుగు కావాలి, ముక్కుకు పని కావాలి. అపార్ట్‌మెంట్లో పొద్దున పది నిమిషాలు తిప్పి ఆఫీసుకు వెళ్లిపోయే ఇంట్లో ఇంగ్లిష్ పాయింటర్ ఉంటే దానికీ నరకం, మీకూ టెన్షన్.

మూడోది, శిక్షణకు మీ దగ్గరున్న సమయం, ఓపిక. నాలుగోది, మీ శరీరం: ఎంతసేపు నడవగలరు, ఎంత బరువు మోయగలరు, తుపాకీ వెనక్కి తన్నే దెబ్బను ఎంతవరకు తట్టుకోగలరు. ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద రాసుకుని ముందుకు వెళ్దాం.

## కుక్కలు: ఏ రకం ఏం చేస్తుంది

| రకం | జాతులు | అసలు పని | కాల్చే దూరం | నప్పే నేల |
|---|---|---|---|---|
| పాయింటర్లు, సెట్టర్లు | ఇంగ్లిష్ పాయింటర్, ఇంగ్లిష్ సెట్టర్ | దూరంగా వెతికి, పక్షి ఎదుట నిలబడిపోవడం | 15–25 మీటర్లు | మైదానాలు, పెద్ద పొలాలు |
| స్పానియల్స్ | ఇంగ్లిష్ స్ప్రింగర్, కాకర్ | దగ్గరలోనే పొదలు దూరి లేపడం | 15–30 మీటర్లు | ముళ్లపొదలు, అడవి అంచులు |
| రిట్రీవర్లు | లాబ్రడార్, గోల్డెన్, చెసపీక్ బే | పడిన పక్షిని తెచ్చివ్వడం | 25–40 మీటర్లు | నీళ్లు, మాటు వేట |
| అన్ని పనుల కుక్కలు | జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, విజ్‌లా, బ్రిటనీ | వెతకడం, నిలబడటం, తేవడం | 15–30 మీటర్లు | కలగలుపు నేల |
| వాసన జాగిలాలు | బీగిల్, బ్లడ్‌హౌండ్, బవేరియన్ మౌంటెన్ హౌండ్ | జాడ పట్టి వెంటాడటం | జంతువును బట్టి | అడవులు |

ఈ దూరాలు అంచనాలే. గాలి, పక్షి జాతి, సీజన్ ముదిరేకొద్దీ పక్షికి వచ్చే అనుభవం వీటిని మార్చేస్తాయి. సీజన్ చివరికి కౌజులు చాలా ముందే లేచిపోతాయి.

### పాయింటర్లు, సెట్టర్లు

కుక్క ఎదురుగాలికి అడ్డంగా అటూ ఇటూ పరిగెడుతూ వస్తుంది. ఉన్నట్టుండి ఒంట్లో బిగువు వస్తుంది, తోక నిటారవుతుంది, ముందుకాలు ఒకటి గాల్లోనే ఆగిపోతుంది. గడ్డిలో నక్కిన పక్షి కదలదు, కుక్కా కదలదు. మీరు ఊపిరి తీసుకుని, నేల చూసుకుని, పక్కనున్నవాళ్లు ఎక్కడున్నారో చూసుకుని నడిచి వెళ్లేంత టైమ్ ఉంటుంది. షాట్‌గన్ (ఒక్క దెబ్బకు చాలా పెల్లెట్లు వెదజల్లే తుపాకీ) వేటలో ఇంత తీరిక ఇచ్చే కుక్క ఇంకోటి లేదు. పెద్ద వయసువాళ్లకు, తొందరపడితే గురి తప్పేవాళ్లకు ఇది వరం.

దానికి మూల్యమూ ఉంది. అసలైన ఇంగ్లిష్ పాయింటర్ మీకు వందల మీటర్ల దూరంలో తిరుగుతుంది. చూపు ఆనే మైదానంలో అది గొప్ప లక్షణం. చిన్న చిన్న పొలాలు, కంచెలు, రోడ్లు ఉన్నచోట అదే గుండెల్లో దడ. పైగా చాలా పాయింటర్లకు పడిన పక్షిని వెతికి తేవడం మీద అంత ఆసక్తి ఉండదు. ఆ పనికి వెంట ఇంకో కుక్క ఉండటం పాత పద్ధతి.

### స్పానియల్స్

స్ప్రింగర్ మీకు పాతిక, ముప్పై మీటర్ల లోపే పనిచేయాలి. దాటితే అది లేపిన పక్షి తుపాకీకి అందదు. అందుకే స్పానియల్ శిక్షణలో సగం పని దాన్ని దగ్గరలో ఉంచడమే. మిగతా సగం, పక్షి లేవగానే అది వెంటపడకుండా అక్కడికక్కడే కూర్చునేలా చేయడం. ఈ రెండూ కుదిరిన స్పానియల్‌ను ముళ్లపొదల్లో చూస్తే అబ్బురంగా ఉంటుంది. మనిషి చేయి పెట్టలేని చోటికి తల వంచి దూరిపోతుంది, చెవులు గీరుకుని రక్తం కారుతున్నా పట్టించుకోదు.

కాకర్ 12–15 కిలోలు, స్ప్రింగర్ 18–25 కిలోల దాకా. చిన్న ఇల్లు, చిన్న కారు ఉన్నవాళ్లకు కాకర్ సులువు. అయితే నీళ్లు నిండిన గుంటలోంచి పెద్ద బాతును లాక్కురావడం దానికి కష్టమే. వేలాడే చెవుల్లో తడి, గడ్డి గింజలు చేరి ఇన్ఫెక్షన్ వస్తుంటుంది కాబట్టి వేట నుంచి రాగానే చెవులు, వేళ్ల సందులు చూడటం అలవాటు చేసుకోవాలి.

స్పానియల్ కొనేటప్పుడు ఒకటి మర్చిపోవద్దు. స్ప్రింగర్, కాకర్ రెండింటిలోనూ ప్రదర్శనల కోసం పెంచిన వంశాలు, పనికోసం పెంచిన వంశాలు దాదాపు రెండు వేరు జాతుల్లా విడిపోయాయి. బొచ్చు దట్టంగా, తల బరువుగా, అందంగా కనిపించే పిల్ల పొలంలో పూట గడవకముందే అలసిపోవచ్చు. తల్లిదండ్రులు పనిచేస్తుండగా మీ కళ్లతో చూడాలి. పేపర్ల మీద ఉన్న పతకాలు ఏ పోటీవో కూడా అడగాలి.

### రిట్రీవర్లు

"ఒక్కటే కుక్క, ఇంట్లో పిల్లలున్నారు, నేను కొత్త" అనేవాళ్లకు నేను ముందు చెప్పేది లాబ్రడార్. నేర్పితే త్వరగా పట్టుకుంటుంది, చిన్న తప్పులను క్షమిస్తుంది, నీళ్లంటే ప్రాణం. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపలవాళ్ల వెంట తిరిగిన నీటి కుక్కల వంశం కదా! నూనెతనం ఉన్న పొట్టి బొచ్చు, నీళ్లలో చుక్కానిలా పనిచేసే మందపాటి తోక అక్కడి నుంచి వచ్చినవే.

మాటులో కూర్చునే వేటకు కావాల్సిన అసలు గుణం పరుగు కాదు, నిశ్చలం. గంటల తరబడి చలిలో, పక్కనే తుపాకీ మోగుతున్నా, పేరు పిలిచేదాకా కదలకూడదు. పిలిచాక పడిన చోటికి నేరుగా వెళ్లి, పక్షిని నలపకుండా తెచ్చి చేతిలో పెట్టాలి. గోల్డెన్ ఇదే పని కాస్త నెమ్మదిగా, మృదువుగా చేస్తుంది కానీ ఆ పొడవాటి బొచ్చు బురదను, ముళ్ల గింజలను మోసుకొస్తుంది. గడ్డకట్టే నీళ్లలో రోజంతా పని ఉంటే చెసపీక్‌ను మించింది లేదు. కానీ అది మొండిది, యజమానిని పరీక్షించే రకం. మొదటి కుక్కగా వద్దంటాను.

లాబ్రడార్‌కు తుంటి, మోచేయి ఎముకల సమస్యలు వంశపారంపర్యంగా వస్తాయి. తీవ్రంగా పరిగెత్తాక వెనక కాళ్లు పట్టుతప్పి కూలబడిపోయే ఇంకో జన్యు జబ్బు కూడా ఈ జాతిలో ఉంది. దానికి డీఎన్ఏ పరీక్ష ఉంది. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే స్కోరు, కంటి పరీక్ష, ఈ డీఎన్ఏ రిపోర్టు చూపించలేనివాళ్ల దగ్గర పిల్లను తీసుకోవద్దు. స్ప్రింగర్లలోనూ రక్తకణాలను దెబ్బతీసే ఒక ఎంజైమ్ లోపం ఉంటుంది, దానికీ పరీక్ష ఉంది.

### అన్ని పనుల కుక్కలు

పొద్దున కౌజు, సాయంత్రం చెరువులో బాతు, మధ్యలో గాయపడిన జింక జాడ. ఇన్ని పనులు ఒకే కుక్కతో చేయించుకోవాలని జర్మనీ, హంగేరీ, ఫ్రాన్స్ వేటగాళ్లు తయారుచేసుకున్న జాతులివి. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ వీటిలో బాగా పేరున్నది. విజ్‌లా సున్నితమైనది, గొంతు పెంచితే ముడుచుకుపోతుంది. బ్రిటనీ చిన్నది, 14–18 కిలోలు, పాయింట్ చేసే కుక్క కావాలి కానీ ఇంట్లో చోటు తక్కువ అనేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది.

వీటితో వచ్చే చిక్కు శిక్షణ. మూడు పనులు నేర్పాలంటే మూడింతల ఓపిక కావాలి. అవి ఒకదానికొకటి అడ్డం కూడా వస్తాయి: పక్షి ఎదుట కదలకుండా నిలబడు అని నేర్పుతూనే, పడ్డాక పరిగెత్తి పట్టుకురా అని నేర్పాలి. వారానికి ఒక్కరోజు దొరికేవాళ్లు ఈ జాతుల జోలికి పోకపోవడం మేలు, లేదా నేర్చిన కుక్కనే కొనుక్కోవాలి.

### వాసన జాగిలాలు, బొరియ కుక్కలు

బీగిల్ వేట పద్ధతి వేరు. బీగిల్ అరుస్తూ కుందేలును తరుముతుంది. కుందేలు తనకు తెలిసిన మేరలోనే పెద్ద చుట్టు తిరిగి మొదలైన చోటికి వస్తుంది. మీరు అక్కడ కదలకుండా నిలబడి, ఆ అరుపు దగ్గరవుతోందా దూరమవుతోందా అని వింటుండాలి. నడవలేనివాళ్లకు, చెవితో వేటాడటంలో ఆనందం ఉన్నవాళ్లకు ఇది బాగుంటుంది. జీపీఎస్ కాలర్ మాత్రం తప్పనిసరి. వాసన తగిలాక బీగిల్‌కు మీ పిలుపు వినపడదు.

బవేరియన్ మౌంటెన్ హౌండ్, హనోవేరియన్ హౌండ్ లాంటివాటి పని వేరు. తూటా తగిలి పారిపోయిన జింకను గంటల తర్వాత కూడా జాడపట్టి కనిపెట్టడం. గాయపడిన జంతువును అలా వదిలేసి ఇంటికి రావడం నా దృష్టిలో క్షమించరానిది. జింక, అడవిపంది వేటకు వెళ్లేవాళ్లు సొంతంగా ఇలాంటి కుక్కను పెంచలేకపోయినా, పిలిస్తే వచ్చే కుక్క ఎవరి దగ్గరుందో సీజన్‌కు ముందే తెలుసుకుని ఫోన్ నంబర్ దగ్గర పెట్టుకోవాలి. డాక్స్‌హుండ్, టెర్రియర్లు బొరియల్లో పని కోసం పుట్టినవి. మొదటిసారి కొనేవాళ్లకు ఆ పని వద్దు.

## పిల్లనా, నేర్చిన కుక్కా?

పిల్లను పెంచితే అనుబంధం బాగుంటుంది, ఖర్చు మొదట్లో తక్కువ. కానీ నమ్మకంగా వేటకు తీసుకెళ్లడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. నేర్చిన కుక్క ధర ఎక్కువే, కానీ మీకు రాని విద్యను అది మీకు నేర్పుతుంది. మొదటి కుక్క నేర్చినదై, రెండో కుక్క పిల్ల అయితే చాలా బాగుంటుంది. నేర్చిన కుక్కను కొనేముందు మీ ఎదుట పని చేయించమనండి. తుపాకీ పేలాక దాని కళ్లు, తోక చూడండి. చప్పుడుకు తల ఎత్తి ఆకాశం వైపు చూసే కుక్క బంగారం. తోక ముడిచి యజమాని కాళ్ల మధ్యకు వచ్చే కుక్కను ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

## ఇప్పుడు తుపాకీ

కుక్క తేలిందంటే దూరం తేలింది. దూరం తేలితే తుపాకీ ఎంపిక సులువు.

| బోర్ | గొట్టం లోపలి వ్యాసం | మామూలు లోడ్ (తూటాలోని పెల్లెట్ల బరువు) | తుపాకీ బరువు, సుమారుగా |
|---|---|---|---|
| 12 | 18.5 మి.మీ. | 28–36 గ్రాములు | 3.1–3.5 కిలోలు |
| 20 | 15.6 మి.మీ. | 24–28 గ్రాములు | 2.7–3 కిలోలు |
| 28 | 14 మి.మీ. | 21 గ్రాములు | 2.5–2.8 కిలోలు |
| .410 | 10.4 మి.మీ. | 14–19 గ్రాములు | 2.3–2.6 కిలోలు |

బోర్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. గొట్టంలో పట్టే సైజు సీసం గుండ్లు ఒక పౌండుకు ఎన్ని తూగుతాయో ఆ లెక్కే 12, 20. ఒక్క .410 మాత్రం ఆ లెక్కలోది కాదు, అది అంగుళాల్లో వ్యాసం.

12 బోర్ తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, పెల్లెట్లు ఎక్కువ పడతాయి, దూరానికి పనికొస్తుంది. బాతుల వేటకు దాన్ని మించిన ఆలోచన అక్కర్లేదు. కానీ పాయింటర్ వెనక రోజంతా కొండలెక్కి దిగేవాడికి ఆ అరకిలో తేడా సాయంత్రానికి భుజంలో తెలుస్తుంది. 20 మీటర్లలో లేచే పక్షికి 20 బోర్ చక్కగా చాలు. 28 బోర్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 21 గ్రాముల లోడుతోనే పెల్లెట్లు సమంగా పరుచుకుంటాయి, చేతిలో తేలిగ్గా తిరుగుతుంది. మంచి పాయింటర్ ఉన్నవాళ్లకే దాన్ని చెబుతాను, తూటాల వెరైటీ కూడా తక్కువ.

పిల్లలకు, కొత్తవాళ్లకు .410 ఇవ్వాలనే అలవాటు చాలామందికి ఉంది. నేను ఒప్పుకోను. పెల్లెట్లు తక్కువ కాబట్టి గురి బాగా కుదిరినవాడే దానితో పక్షిని శుభ్రంగా పడగొట్టగలడు. కొత్తవాడి చేతిలో అది పక్షిని గాయపరిచి వదిలేస్తుంది. కొత్తవాళ్లకు 20 బోర్‌లో తేలికపాటి లోడ్ ఇవ్వండి. తుపాకీ మరీ తేలికగా ఉంటే అదే తూటా ఇంకా గట్టిగా తన్నుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇంట్లో 12, 20 రెండు బోర్లూ ఉంటే జేబుల విషయంలో ఒక నియమం పెట్టుకోవాలి. 20 బోర్ తూటాను పొరపాటున 12 గొట్టంలో వేస్తే అది జారి లోపల ఇరుక్కుంటుంది, పైకి గొట్టం ఖాళీగానే కనిపిస్తుంది. పేలలేదని దాని వెనక 12 తూటా వేసి కాలిస్తే గొట్టం పగిలిపోతుంది, దాన్ని పట్టుకున్న చెయ్యి పోతుంది. 20 బోర్ తూటాలను పసుపు రంగులో తయారుచేసేది అందుకే. రెండు రకాల తూటాలు ఒకే కోటు జేబులో ఎప్పుడూ ఉండకూడదు.

### డబుల్ బ్యారెల్, పంప్, సెమీ ఆటోమేటిక్

కుక్కతో నడిచేవాళ్లకు నా ఓటు మడిచి తెరిచే డబుల్ బ్యారెల్‌కే. తెరిచి చేతి మీద వేసుకుంటే ఖాళీగా ఉందని పదిమందికీ కనిపిస్తుంది. కంచె దాటేటప్పుడు, కుక్క పక్షిని తెచ్చినప్పుడు వంగి తీసుకోవడానికి అంతకంటే భద్రమైన పద్ధతి లేదు. రెండు గొట్టాలకు రెండు వేర్వేరు చోక్‌లు పెట్టుకోవచ్చు. గొట్టాలు పక్కపక్కన ఉన్నది తేలిక, అందం. ఒకదానిపై ఒకటి ఉన్నదానిలో గురి చూసే పట్టీ సన్నగా ఉంటుంది, కొత్తవాళ్లకు సులువు.

పంప్ మొరటుది, చౌక, బురదకూ వానకూ చలించదు. రెండో దెబ్బకు చేత్తో లాగాలి, అది అలవాటు కావాలి. తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లో, ముఖ్యంగా తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్‌తో పనిచేసే రకంలో, భుజానికి దెబ్బ తక్కువ తెలుస్తుంది. మాటులో బరువైన లోడ్లు కాల్చేవాళ్లకు అది పెద్ద ఊరట. శుభ్రం చేయడంలో బద్ధకిస్తే మాత్రం మొరాయిస్తుంది. ఇంకొకటి: చాలా సెమీ ఆటోలు, పంపులు ఖాళీ తూటాలను కుడివైపుకు విసురుతాయి. కుక్క కుడిపక్కన కూర్చుంటే వేడి ఖాళీలు దాని మొహం మీదే పడతాయి. కుడిచేత్తో కాల్చేవాళ్లు కుక్కను మొదటినుంచీ ఎడమవైపు కూర్చోబెట్టడం నేర్పాలి.

తూటాల సంఖ్య మీద కూడా నిబంధనలుంటాయి. అమెరికాలో వలస పక్షులను వేటాడే షాట్‌గన్‌లో మొత్తం మూడు తూటాలకు మించి పట్టకుండా అడ్డుకట్ట పెట్టాలి.

### చోక్, పెల్లెట్లు

గొట్టం చివర్లో ఉండే ఇరుకే చోక్. సుమారు 36 మీటర్ల దూరంలో, 76 సెంటీమీటర్ల వృత్తంలో ఎన్ని పెల్లెట్లు పడతాయన్నది దాని కొలత. సిలిండర్ (ఇరుకే లేనిది) అయితే 40 శాతం, ఇంప్రూవ్డ్ సిలిండర్ 50, మాడిఫైడ్ 60, ఫుల్ 70 శాతం. స్పానియల్, పాయింటర్ ఉన్నవాళ్లకు మొదటి రెండే కావాలి. 15 మీటర్లలో ఫుల్ చోక్‌తో కాలిస్తే తప్పిపోతుంది, లేదంటే పక్షి తినడానికి పనికిరాకుండా తునాతునకలవుతుంది. మాటు వేటకు మాడిఫైడ్.

సీసం విషం. నీటి పక్షులు దాన్ని మింగి చనిపోతున్నాయని అమెరికా 1991 నుంచి నీటి పక్షుల వేటలో దేశమంతటా సీసం పెల్లెట్లను నిషేధించింది. యూరోపియన్ యూనియన్‌లోనూ 2023 నుంచి చిత్తడి నేలల్లో వాటికి అనుమతి లేదు. చట్టం పట్టుబట్టని చోట కూడా నీళ్ల దగ్గర సీసం వాడొద్దనే చెబుతాను. ప్రత్యామ్నాయం స్టీల్. అది తేలిక: సీసం సాంద్రత 11.3 అయితే స్టీల్‌ది 7.8. కాబట్టి రెండు సైజులు పెద్ద పెల్లెట్ తీసుకోవాలి, అంటే సీసంలో 6 వాడేచోట స్టీల్‌లో 4. స్టీల్ గట్టిది, నలగదు కాబట్టి గుంపుగా వెళ్తుంది, చోక్ ఒక మెట్టు వదులు చేసుకోవాలి. గొట్టం గోడలు పలచగా ఉండే తాతల నాటి తుపాకీలో స్టీల్ వేయకూడదు, వాటికి బిస్మత్ అనే లోహపు తూటాలున్నాయి, ఖరీదు ఎక్కువ. పెల్లెట్ నంబర్లు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్ 6 నంబర్ 2.6 మిల్లీమీటర్లు, అమెరికా 6 నంబర్ 2.8. డబ్బా మీద మిల్లీమీటర్లు చూసి కొనండి.

### ఒంటికి సరిపోవడం

ఏ బోర్ అన్న చర్చ కంటే ఇది ముఖ్యం. కళ్లు మూసుకుని ఖాళీ తుపాకీని భుజానికి ఎత్తండి, కళ్లు తెరవండి. చూపు గొట్టం మీది పట్టీ వెంట నేరుగా ముందుకు పోవాలి. మెడ సాచాల్సి వస్తే స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మరీ పొడవు, పట్టీ అసలు కనపడకపోతే స్టాక్ మరీ కిందికి ఉన్నట్టు. కుడిచేతివాటం ఉండి ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు, ఆ పరీక్ష కూడా ముందే చేయించుకోవాలి. తర్వాత పెద్ద కాగితం మీద మీ దూరంలో కాల్చి పెల్లెట్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. కుక్కకు శిక్షణ ఇచ్చే రెండేళ్లలో ఈ పనికి బోలెడు టైముంటుంది.

### రైఫిల్ ఎప్పుడు?

జింక, అడవిపంది వేటకు ఎక్కువగా రైఫిలే వాడతారు. .308, .30-06 లాంటి తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి, ప్రతి తూటానూ చేత్తో గొళ్లెం లాగి ఎక్కించే బోల్ట్ యాక్షన్ రకం నమ్మకమైనది. కానీ కుక్కలు పక్కనుండగా రైఫిల్ వేరే లెక్క. షాట్‌గన్ చిన్న పెల్లెట్ రెండు మూడు వందల మీటర్లలో నేల రాలుతుంది. రైఫిల్ తూటా కిలోమీటర్లు పోతుంది. పంది చుట్టూ కుక్కలు మూగి ఉంటే కాల్చకూడదు, వెనక మట్టి గట్టు కనపడనిదే అసలు కాల్చకూడదు. కుక్కలు తోలిన జంతువును కాల్చే వేటకు పొట్టి గొట్టం, తక్కువ పవర్ స్కోప్ నయం.

## ఎవరికి ఏ జోడీ

ఒకే కుక్క, ఒకే తుపాకీ, రకరకాల వేట, కాస్త అనుభవం: జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, ఒకదానిపై ఒకటి గొట్టాలున్న 12 బోర్, మార్చుకోగల చోక్‌లు.

కుటుంబం, పిల్లలు, మొదటి కుక్క, ఎక్కువగా బాతులు: లాబ్రడార్, గ్యాస్‌తో పనిచేసే 12 బోర్ సెమీ ఆటో, స్టీల్ తూటాలు. డబ్బు తక్కువైతే పంప్.

ముళ్లపొదలు, కుందేళ్లు, చిన్న ఇల్లు: కాకర్, పక్కపక్క గొట్టాల 20 బోర్. పొదల్లో తుపాకీ త్వరగా భుజానికి రావాలి, పొడవాటి గొట్టం వద్దు.

మైదానం, తీరిక, నడక ఇష్టం: సెట్టర్ లేదా బ్రిటనీ, 20 లేదా 28 బోర్. సెట్టర్ అయితే పక్షిని తెచ్చే విషయంలో అదనంగా శ్రమపడాలి.

ఏడాదికి నాలుగైదు రోజులే వేట, ఉద్యోగం మనిషిని మింగేస్తోంది అనేవాళ్లకు: కుక్క వద్దు. కుక్క ఉన్న మిత్రుడితో వెళ్లండి, 20 బోర్ తీసుకోండి.

## కుక్క, తుపాకీ కలిసేచోట

చప్పుడు భయం పుట్టుకతో వచ్చేదాని కంటే మనుషులు పుట్టించేదే ఎక్కువ. "అలవాటవుతుందిలే" అని పిల్లను షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లడం దాని జీవితాన్ని పాడుచేయడమే. మొదట దూరంగా, చిన్న చప్పుడు, అదీ కుక్క తిండి మీదో ఆట మీదో మనసు పెట్టినప్పుడు. అది పట్టించుకోకపోతేనే కొంచెం దగ్గరికి. వారాలు పట్టినా పట్టనివ్వండి. మీ చెవులకు మఫ్‌లు పెట్టుకున్నప్పుడు కుక్క చెవుల గురించి కూడా ఆలోచించండి, గొట్టం మూతికి ముందు, పక్కన దాన్ని ఎప్పుడూ కూర్చోబెట్టొద్దు.

పక్షి తక్కువ ఎత్తులో లేచినప్పుడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. లేచే పక్షి కోసం స్పానియల్ గాల్లోకి ఎగురుతుంది. గడ్డి ఎత్తుగా ఉంటే అది మీకు కనపడదు. పక్షి కింద ఆకాశం కనిపిస్తేనే కాల్చాలి. గురి కుదిరినా, పక్షి పోయినా, ఈ ఒక్క నియమం దగ్గర మినహాయింపు లేదు.

ఎండ ఎక్కువున్న రోజున కుక్క నాలుక వెడల్పుగా బయటికి వేలాడి, నడక తూలితే వెంటనే ఆపి నీడకు, నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. మామూలుగా కుక్క ఒంటి వేడి 38–39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, 41 దాటితే ప్రాణాపాయం. పని పిచ్చి ఉన్న స్పానియల్ తనంతట తాను ఆగదు, ఆపాల్సింది మీరే.

కుక్క మొదటి సీజన్‌లో తుపాకీ ఇంకొకరి చేతిలో ఉండనివ్వండి. కాల్చేవాడి కళ్లు పక్షి మీద ఉంటాయి, కుక్కను చూడలేడు. ఆ ఒక్క సీజన్ మీ కళ్లు కుక్క మీదే ఉంటే, అది వెంటపడబోయే క్షణంలోనే విజిల్ వేసి కూర్చోబెట్టగలరు. ఒక్కసారి వెంటపడి పక్షిని పట్టుకుందంటే ఆ అలవాటు మాన్పించడానికి ఇంకో ఏడాది పోతుంది. మొదటి రోజులు ఒకటి రెండు పక్షులతో ముగించి, కుక్కకు ఇంకా ఉత్సాహం ఉండగానే ఇంటికి తీసుకురండి.